సార్ కుంటితే ఆట ఆగాలి

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో ముగ్గురు మోసం చేశారు. అందులో ఒకరు నేను.

2061లో విజయనగరంలోని మా కబడ్డీ అకాడమీలో మోకాలి ఆపరేషన్ ఒకరికైతే కుంటేది ఇంకొకరు. హంసిని రైడ్‌కి వెళ్లి చటుక్కున మలుపు తిరుగుతుంది. కోర్టు గీత బయట కోచ్ అప్పలనాయుడు సార్ మోకాలు పట్టుకుని కూర్చుండిపోతారు.

దీని పేరు నొప్పిజత. చేసింది మా ల్యాబే, సాఫ్ట్‌వేర్ నాది. తెగిన లిగమెంటు స్థానంలో సర్జన్లు ఇప్పుడు నేసిన లిగమెంటు పెడుతున్నారు. అందులో ప్రతి పోగూ ఒక సెన్సరే. అది ఎముకలో కుదురుకోవడానికి తొమ్మిది నెలలు పడుతుంది. ఈలోగా దానిమీద లాగుడు హద్దు దాటితే సిగ్నల్ ఇంకొకరి మోకాలి పట్టీకి వెళ్లి అక్కడి నరాన్ని పొడుస్తుంది. మొదట్లో ఆ నొప్పిని ఆటగాళ్లకే ఇచ్చి చూశాం. పళ్లు బిగబట్టి ఆడేశారు. సొంత నొప్పిని దాచే మనిషి పరాయి నొప్పిని ఎందుకు దాస్తాడు? అదీ మా సిద్ధాంతం. పట్టీ కట్టుకున్నవాళ్లు కుంటితే ఆట ఆగాలి. అంతే రూలు.

హంసినికి అప్పటికి ఆపరేషనై ఏడో నెల. ఇంకోసారి తెగితే కబడ్డీ మర్చిపొమ్మని డాక్టర్ చెప్పేశారు. సెమీఫైనల్లో ఆమె కాలు మెలిపడి దిగింది. సార్ కెవ్వుమన్నారు.

"గుంటా, ఏటి సేసినావు?"

"ఏం లేదు సార్. మీకే వయసైపోయింది."

"నా మోకాలు సంగతి నాకు తెలీదేటి? ఈ నొప్పి నీదే. స్కాన్ తీయించుదాం, పద."

"ఫైనల్ అయ్యాక."

"రేపు నాను కుంటితే మాత్రం ఆపేత్తాను. ఇప్పుడే సెప్తన్నాను."

మర్నాడు సార్ స్టేడియం మెట్లు రెండేసి ఎక్కారు. అది చూసి హంసిని బరిలోకి దిగింది. స్కోరు ముప్ఫై ఒకటి సమానం. చివరి రైడ్‌లో ఇద్దరి మధ్య నుంచి మెలితిరిగి నడిమి గీతని అందుకుంది. గెలిచారు. ఆమె మాత్రం లేవలేదు. సార్ ఆమె దగ్గరికి పరుగెత్తారు, కుంటకుండా.

స్కాన్‌లో సగం పోగులు తెగి ఉన్నాయి. ఆ పట్టీ తనను కట్టుకున్నవాళ్ల చెమటను కూడా పరీక్షిస్తుంది. సార్ చెమటలో నొప్పి మాత్ర జాడ దొరికింది. ఒకటి కాదు, రెండు మాత్రలంత.

"ఒకటి నాదే," అన్నారు సార్. "సెలెక్టర్లొచ్చినారు కదమ్మా. నా దగ్గర నేర్సుకున్నోళ్లలో ఒక్కరైనా ఇండియాకి ఆడాలని... కానీ ఒక్కటే వేసుకున్నాను. ఒట్టు."

ఆసుపత్రి మంచం మీద హంసిని గోడవైపు తిరిగి పడుకుంది. "రెండోది నేను టీలో కలిపా సార్."

"సేదుగుంటే అల్లం ఎక్కువైందనుకున్నాను," అన్నారు సార్.

ఇక మూడోది. మ్యాచ్ మొదలవకముందే నా స్క్రీన్ మీద మాత్ర గుర్తు పసుపురంగులో వెలిగింది. చివరి రైడ్‌కి ముందు లాగుడు గీత ఎర్రబడింది. ఆట ఆపించే స్టాప్ బటన్ నా చేతి పక్కనే ఉంది. కబడ్డీ అంటే బోరు అని ల్యాబంతా చెప్పుకు తిరిగిన మనిషిని నేను. ఈ ఒక్క రైడ్ అయిపోనీ అనుకున్నాను.

కబడ్డీ ఇక కుదరదని డాక్టర్ గురువారం చెప్పారు. ఇండియా జట్టు లిస్టులో హంసిని పేరు శుక్రవారం వచ్చింది.

రెండో వెర్షన్‌లో పట్టీ ఎవరికి కట్టాలో మాకు తోచడం లేదు. ఎదుటివాళ్ల నొప్పి తెలిసి కూడా 'ఈ ఒక్కసారికి' అని మీరెప్పుడైనా ఊరుకున్నారా? నాకు రాయండి. పేరు రాయకపోయినా పర్వాలేదు.