పెద్దిల్లు దొరికేసరికి

బొమ్మిడాయిల్ని బూడిదలో దొర్లించి, నూతి పక్కన గరుకు రాయికేసి రుద్దుతూ ఆనందమ్మ ఫ్రెంచి అంకెలు అప్పజెబుతోంది.

"అన్, దో, త్రువా, కాత్ర్..." చేతిలోని చేప జారి బురదలో పడింది. "దీని దుంపతెగ! ఆ తర్వాతేంటే కృపా?"

"సాంక్," అంది కృపారాణి, కడిగిన చేపల్ని గిన్నెలోకి వేస్తూ.

"సంకేంటే, ఛీ! అంత పెద్ద దేశంలో వాళ్ళకి ఇంకో మాట దొరకలేదా?"

"లేదమ్మా. బజారుకెళ్ళి ఐదు చేపలు కావాలంటే ఆ మాటే అనాలి. గట్టిగా అనాలి."

"నేను నాలుగే కొంటాను," అంది ఆనందమ్మ, పడిపోయిన చేపని తీసి మళ్ళీ బూడిదలో ముంచుతూ.

యానాం అగ్రహారంలో ఆ పెరట్లో ఆ ఏడాది, అంటే రెండువేల ఏడులో, వానాకాలమంతా ఇదే వరస. ఆనందమ్మకీ, కొడుకు స్టీఫెన్‌కీ ఫ్రాన్స్ వీసాలొచ్చాయి. సెప్టెంబరులో ప్రయాణం. వాళ్ళకి భాష నేర్పుతున్నది కూతురు కృపారాణి. ఆమెకి మాత్రం వీసా రాలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అదే బాధ. తండ్రి రాజారత్నం పారిస్ పక్క ఊళ్ళో ఒక ఆసుపత్రి వంటింట్లో పనికి కుదిరేనాటికి కృపారాణి మూడో తరగతి. ఉద్యోగం స్థిరపడి, కాగితాలు చేతికొచ్చాక కుటుంబాన్ని పిలిపించుకుంటానని అర్జీ పెట్టాడు. అక్కడివాళ్ళు టేపు పట్టుకొచ్చి ఆయన గది కొలిచారు. నలుగురికి ఇది చాలదు, ఇంకా పెద్దిల్లు చూసుకోమన్నారు. రాజారత్నం రెండేసి డ్యూటీలు చేసి ఇల్లు వెతికాడు. పిల్ల కోసం విడిగా ఒక గది ఉన్న ఇల్లే కావాలని పట్టుబట్టి మరీ వెతికాడు. అది దొరికి, మళ్ళీ అర్జీ పెట్టేనాటికి కృపారాణికి పద్దెనిమిది నిండిపోయాయి. పద్దెనిమిది దాటినవాళ్ళు అక్కడ పిల్లల లెక్కలోకి రారట.

"పెద్దిల్లు దొరికేసరికి పిల్ల పెద్దదైపోయింది," అని ఆనందమ్మ చర్చిలో అందరి దగ్గరా కళ్ళొత్తుకుంది.

కృపారాణి కళ్ళొత్తుకోలేదు. తన పేరు లేని వీసాల కవరు విప్పి చూసిన సాయంత్రం కూడా ఎప్పటిలాగే వరండాలో బల్ల వాల్చి ఫ్రెంచి క్లాసు చెప్పింది. బళ్ళో నేర్చుకున్నది కొంత, తండ్రి పంపిన క్యాసెట్లతో నేర్చుకున్నది ఎక్కువ. ఊళ్ళో ఎవరికి వీసా వచ్చినా ముందు ఆ వరండా ఎక్కాల్సిందే. "అది చూడని దేశానికి ఊరందర్నీ తయారుచేసి పంపుతోందమ్మా," అనేవారు వీధిలో ఆడవాళ్ళు. ఆ మాటలో జాలి ఉంటే ఆమె విననట్టుండేది. మెచ్చుకోలు ఉంటే తలెత్తి చూసేది.

ఆ వరండాకే పోయినేడు ఒక వానలో నెహెమ్యా వచ్చాడు.

కనకాలపేటలో మోటార్లు వైండింగ్ చేసే షాపు అతనిది. రొయ్యల చెరువుల్లో ఏ మోటారు కాలిపోయినా అతని దగ్గరికే వస్తుంది. నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా మెట్టు మీద నిలబడి, "ఫ్రెంచి చెప్పేది ఇక్కడేనాండీ?" అన్నాడు.

"ఇక్కడే. చెప్పులు బయట విడవండి."

"ఒకటి మీ వీధి చివర బురదలో ఉండిపోయిందండి. రెండోది ఇదిగో." చేతిలో ఉన్న ఒంటి చెప్పు చూపించాడు.

పిల్లలంతా గొల్లుమన్నారు. కృపారాణికి నవ్వొచ్చింది. ఆపుకుని, "ఫ్రాన్స్‌లో ఎవరున్నారు?" అనడిగింది.

"మా మావయ్యున్నాడండి. మార్సేలో."

అంతే. ఇంకేమీ అడగలేదు. ఇతను కూడా వెళ్ళేవాడేనన్నమాట. ఆమె దగ్గర నేర్చుకున్న ప్రతివాళ్ళూ వెళ్ళిపోయేవాళ్ళే. అలాంటివాళ్ళని ఇష్టపడకూడదని కృపారాణి ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు నిలుపుకోవడం కష్టమైంది. నెహెమ్యాకి చదువు ఒంటబట్టేది కాదు. ఆరు నెలల తర్వాత కూడా ఫ్రెంచిలో "శుభోదయం" చెప్పమంటే "శుభరాత్రి" చెప్పేవాడు.

"మీ బుర్రకి కూడా వైండింగ్ చేయించాలండి," అంది ఒకరోజు విసిగిపోయి.

"మా షాపులో చేత్తామండి. రాగి తీగ మీరు తెచ్చుకోవాలి."

అతను వచ్చిన తర్వాత వరండాలో ట్యూబులైటు మినుకుమినుకుమనడం మానేసింది. ఫ్యాను కిర్రుమనడం మానేసింది. తలెత్తి చూసిన ప్రతిసారీ అతను బోర్డు వైపు కాక ఇటు చూస్తూ దొరికిపోయేవాడు. దొరికిపోగానే పుస్తకం తిరగేసేవాడు. సగంసార్లు తలకిందులుగా పట్టుకునేవాడు.

ఒకరోజు క్లాసు మధ్యలో పారిస్ నుంచి ఫోనొచ్చింది. రెండేళ్ళ కిందట ఆమె దగ్గర నేర్చుకుని వెళ్ళిన కామేశ్వరి. "టీచరుగారండీ! బిడ్డకి జొరమొత్తే నేనొక్కదాన్నే ఆసుపత్రికెళ్ళి డాక్టరుతో మాట్లాడేనండి. మా ఆయన కూడా లేడు. అంతా మీరు చెప్పిందే!" ఫోను పెట్టేసి కృపారాణి వెలిగిపోతున్న మొహంతో ఆ మాటలన్నీ క్లాసుకి చెప్పింది. మర్నాటికి ఆ సంగతి అగ్రహారంలోనే కాదు, కనకాలపేటలో కూడా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో అడగక్కర్లేదు.

ఇలా ఉండగా, ఆగస్టు మొదటి ఆదివారం రాజారత్నం ఫోన్ చేసి ఉపాయం దొరికిందన్నాడు. అక్కడి కాగితాలున్న కుర్రాడు ఒకడున్నాడు. మంచివాడే. నెలాఖరుకి యానాం వస్తాడు, పెళ్ళి చేసుకుని వెళ్తాడు.

"బిడ్డగా రాలేకపోతే భార్యగా వత్తది," అన్నాడు సంబరంగా. "నలుగురం ఒక్కచోట ఉంటాం. వచ్చే ఆదివారానికి ఏ సంగతీ చెప్పండి."

ఆనందమ్మ ఆ రాత్రి ఆనందంతో అన్నం తినలేదు. కృపారాణి కూడా తినలేదు. తల్లి ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు. అవునంటే ఆ కుర్రాడి కాగితాల్లో తానూ ఒక కాగితమైపోతుంది.

బుధవారం సాయంత్రం జోరున వాన. క్లాసుకి ఒక్క నెహెమ్యాయే వచ్చాడు. ఈసారి చెప్పులు రెండూ ఉన్నాయి.

"ఈ వారంతో క్లాసు ఆపేస్తున్నానండి," అంది కృపారాణి బోర్డు తుడుస్తూ.

"అదేంటండీ! నాకింకా ఏం రాలేదు కదా?"

"అక్కడికెళ్తే అదే వస్తుంది."

"ఎక్కడికండి?"

"ఫ్రాన్స్‌కి. మీ మావయ్య దగ్గరికి."

"మా మావయ్య దగ్గరికి నేనెందుకెళ్తానండి? ఆయనకీ మాకూ పదేళ్ళ నుంచి మాటల్లేవు. నాకు పాస్‌పోర్టే లేదు."

కృపారాణి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మరి మావయ్య ఉన్నాడని చెప్పారు?"

"ఎవరున్నారని అడిగేరు. ఉన్నాడని చెప్పేను. వెళ్తారా అని మీరెప్పుడూ అడగలేదండి."

"వెళ్ళనివాడికి ఫ్రెంచెందుకు?"

"ఎందుకూ అక్కర్లేదండి. అందుకే రాలేదు."

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. కృపారాణి గుడ్డ బల్ల మీద పడేసి, సంబంధం సంగతి చెప్పింది. ఏదీ దాచలేదు. నెహెమ్యా పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క మాట తెలుగులో చెప్తానండి. దిద్దకూడదు."

"చెప్పండి."

"మీరంటే నాకిష్టం. ఆ ఫోనొచ్చిన రోజు మీ మొహం చూసేను కదా, ఇలాంటి మనిషి పక్కన జీవితమంతా నిలబడితే చాలనిపించింది. కానీ మా అమ్మని మీ ఇంటికి పంపనండి."

"ఎందుకు?"

"ఇప్పుడొచ్చి అడిగితే, వీసా రాక మిగిలిపోయిన పిల్లని ఏరుకున్నాడంటది ఊరు. నన్నేమన్నా పర్లేదు. మిమ్మల్ని మిగిలిపోయిందంటే నేనొప్పుకోను. మీరెళ్ళాలనుకుంటే తలెత్తుకుని ఎళ్ళండి. ఉండాలనుకుంటే మీ కోసమే ఉండండి. నా కోసం కాదు."

వానలోనే వెళ్ళిపోయాడు. కృపారాణి గొడుగు అందుకుని మెట్టు దాకా వచ్చేసరికే వీధి చివర దాటిపోయాడు. కానీ చాలా కాలానికి ఆమెకి తేలిగ్గా ఊపిరాడింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చీ రాగానే ఫోను మోగింది. ఆనందమ్మ అందుకోబోతే కృపారాణే తీసింది.

"నాన్నా, నేనే. ఆ సంబంధం వద్దు."

అవతల రాజారత్నం ఏదో అనబోయాడు.

"విను నాన్నా. నాకోసం గది ఉన్న ఇల్లు కావాలని నువ్వెంత తిరిగావో నాకు తెలుసు. నువ్వు ఓడిపోలేదు. నేనే పెరిగిపోయాను. ఆ గదికి నేనొస్తాను. నా డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని, నీ కూతురుగా, చుట్టపుచూపుగా వస్తాను. ఎవరి కాగితం పట్టుకునీ రాను. ఇక్కడ నా క్లాసు ఉంది. నా పేరు ఉంది."

అవతల ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ గదిలో ఎవర్నీ పడుకోనివ్వనమ్మా. నువ్వొచ్చేదాకా అలాగే ఉంచుతాను." కాస్త ఆగి, "మన కామేశ్వరి డాక్టరుతో మాట్లాడిందంట కదా. ఇక్కడ మనోళ్ళందరూ నీ పేరే చెప్తన్నారు. రాజారత్నం కూతురంట, అని," అన్నాడు. "మీ అమ్మకివ్వు."

ఆనందమ్మ ఫోను చెవికి ఆనించుకుని ఊఁ కొట్టింది. మళ్ళీ ఊఁ కొట్టింది. పెట్టేసి, కూతురి వైపు తిరిగింది.

"నేనూ, తమ్ముడూ ఎళ్ళిపోతే నువ్విక్కడ ఎవరి మీదుంటావే?"

"ఎవరి మీదా ఉండను. ఎవరి పక్కనుండాలో చూసుకున్నాను."

"ఎవడే?"

"నీకు తెలుసు."

"ఆ మొద్దేనా?" ఆనందమ్మ కుర్చీలో కూలబడింది. "ఏడాది చదివి పది అంకెలు రానోడా?"

"నీకెన్నొచ్చాయి?"

లోపల గదిలోంచి స్టీఫెన్ కిసుక్కున నవ్వాడు. ఆనందమ్మ అటువైపు కళ్ళురిమి, మళ్ళీ ఇటు తిరిగింది.

"మంచోడు కాదంటానా? ఫ్యాను బాగుచేసి రూపాయి పుచ్చుకోలేదు. అయితే మాత్రం, ఆళ్ళు రావాలి కదా అడగడానికి? ఏడీ?"

"రాడమ్మా. మిగిలిపోయిన పిల్లని అడిగినట్టుంటుందని రాడు. నన్నెవరూ అలా అనకూడదట."

"అంత పౌరుషమా ఆడికి?"

"నాకు తక్కువా?"

"నీకా? నీకెక్కడికి పోద్దే, నా పౌరుషమేగా!" అంది ఆనందమ్మ. అనేసి, తన మాట తనకే వినబడ్డట్టు ఆగిపోయింది. కూతుర్ని కిందనుంచి పైదాకా చూసింది, చాలా రోజులకి చూస్తున్నట్టు. "ఆడపిల్లవాళ్ళు ముందెళ్ళి అడగడం మా ఇంటా వంటా లేదు," అంది నెమ్మదిగా. "ఎళ్తే, మా పిల్ల మిగిలిపోలేదు, మీ అబ్బాయిని ఏరుకుంది, అని చెప్పడానికి ఎళ్ళాలి."

కృపారాణి గుమ్మానికి చేరబడి తల్లినే చూసింది.

ఆనందమ్మ లేచి లోపలికెళ్ళింది. ప్రయాణానికి సర్ది తాడు కట్టేసిన పెట్టె ముందు కూర్చుని ముడి విప్పడం వినబడింది. విమానం ఎక్కేటప్పుడు కట్టుకోవాలని అడుగున పెట్టిన నీలం పట్టుచీర తీసి కట్టుకుంది. తల దువ్వుకుంది. అద్దంలో ఒకసారి చూసుకుని, గుమ్మంలో నిలబడ్డ కూతురి పక్కనుంచి వస్తూ వస్తూ ఆమె చెంప మీద అరచెయ్యి ఆనించి తీసేసింది.

"అమ్మా, ఎక్కడికి?"

ఆనందమ్మ కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, వాన నీళ్ళు నిలిచిన వీధిలోకి దిగి, తలెత్తుకుని కనకాలపేట వైపు నడిచింది.