అతుకు దగ్గర ఆనవాలు

పరాన్నజీవి జ్వరానికి కంప్యూటర్ మీద టీకా డిజైన్ చేసిన ముసలి ప్రొఫెసర్‌ని సోమవారం పట్టపగలు కాల్చారు. స్పృహ తప్పేముందు ఆయన అన్నది ఒక్కటే మాట: "అక్క!"

గూఢచారి డిపార్ట్‌మెంట్ మూడు రోజులు ఆ అక్క కోసం గాలించింది. తీరా చూస్తే ప్రొఫెసర్‌కి ఉన్నది ముగ్గురూ చెల్లెళ్లే.

గురువారం పదిన్నరకి, ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో నిచ్చెనెక్కిన ఏజెంట్ చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది.

"సర్వర్‌లో టీకా ఫైళ్లు రెండున్నాయి. ఒకటి విదేశీ ముఠా మార్చింది. ఆ టీకా పడితే ఊపిరాడక ప్రాణం పోతుంది. పదకొండుకల్లా అసలుది ఫ్యాక్టరీకి వెళ్లాలి. ఏది అసలుదో తేల్చు."

"సెలవడిగి ఆర్నెల్లయింది సార్."

"తేల్చాక అడుగు."

ఒళ్లంతా పులిసిపోయి ఉంది. అయినా దిగాడు. మొదటి సూది వేయించుకోబోయే వాలంటీరు అతని భార్య. జ్వరాల వార్డులో నర్సు, వద్దంటే వినే రకం కాదు.

కంప్యూటర్ ముందు చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, ప్రోగ్రామర్. డిపార్ట్‌మెంట్ మనిషే. ముఠా మనిషి కూడానేమోనని అతనికి వారంగా అనుమానం.

"రెండోదే అసలుది," అందామె లిప్‌స్టిక్ తీస్తూ. "కంప్యూటర్ లెక్కేసిన స్కోరు దానికే ఎక్కువ."

రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టాడు. టీకా ప్రోటీన్ అంతా బారెడు ఇంగ్లీషు అక్షరాలు. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకుగా KK. మొదటి ఫైల్లో ఒక అతుకు దగ్గర అతని వేలు ఆగింది. ముందు A, తర్వాత KK, ఆపైన A. రెండోదాంట్లో ఆ చివరి A పోయి V వచ్చింది. కూడబలుక్కుంటూ చదివాడు.

అక్క!

దొంగచెయ్యి పడితే పట్టివ్వాలని ముసలాయన కావాలనే అలా అతికించాడు. మార్చినవాడికి ప్రోటీన్లు తెలుసు గానీ తెలుగు ముక్క రాదు.

పది యాభై తొమ్మిదికి, మొదటి ఫైలు పంపే మీట మీద వేలు పెట్టాడు. లిప్‌స్టిక్ గొట్టం అతని కణతకి ఆనింది.

"చెయ్యి తియ్యి."

"అందులో తూటా పొద్దున్నే తీసేశానమ్మా. ఊరికే శ్రమపడకు."

గొట్టం టిక్కుమంది, అంతే. మొదటి ఫైలు వెళ్లిపోయింది.

ఆమె కుర్చీలో కూలబడింది. "నేనెవరి పక్కనున్నానో నాకే గుర్తుండట్లేదు. విసుగొచ్చేసింది."

"నాకూ," అన్నాడతను బేడీలు వేస్తూ.

కొన్ని నెలలకి టీకా తయారైంది. వార్డులో డాక్టరు సిరంజి ఎత్తగానే ఏజెంట్ మంచం కడ్డీ పట్టుకున్నాడు. ఆ నాలుగక్షరాలూ సరిగ్గానే చదివాడా? కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు.

"నాకేం కాలేదు గానీ," అంది భార్య చెయ్యి రుద్దుకుంటూ, "ముందు ఆయనకో కుర్చీ వెయ్యండి డాక్టరుగారూ. మా ఆయనకి సూదంటే చచ్చేంత భయం."