దగ్గు ఆగిన కల్లం

దగ్గు వినపడకపోతే అది మిరపకల్లమే కాదు. చిలకలూరిపేట దాటాక, స్పిన్నింగు మిల్లుల అవతల, హైవే దిగి మట్టిరోడ్డున కాస్త లోపలికెళ్తే పరదాలు కట్టిన కల్లం ఒకటుంది. మార్చి నెలొచ్చిందంటే అక్కడ పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఒకటే ఖంగు ఖంగు. ఒకరు తుమ్ముతారు, ఒకరు దగ్గుతారు, ఇంకొకరు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మిరపకాయని పుట్టించినవాణ్ణి తిడతారు. పాతిక ముప్పైమంది ఆడవాళ్ళు ఎర్రటి కుప్పల చుట్టూ కూర్చుని, కాయకి ముచ్చిక తుంచి ఒకపక్క, రంగు పోయిన తాలుకాయ ఏరి ఇంకోపక్క వేస్తుంటారు. లాల్‌బీ వయసంతా ఆ ఘాటులోనే గడిచింది. దగ్గు ఆమెకి రోగం కాదు, చుట్టం.

చేతులకి పనుంది సరే, చెవులకేం పని? అందుకని ఆ కల్లంలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు నవల చదవాలి, మిగిలినవాళ్ళు వినాలి. చదివేవాళ్ళ వాటా కాయలు తలా గుప్పెడు తుంచి వాళ్ళ బుట్టలో వెయ్యాలి. ఫోన్లో సీరియల్ పెట్టుకోవచ్చుగా అంటారేమో! కారం చేతుల్తో పట్టుకున్న ఫోను చెంపకి ఆనించుకున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ సుఖమేంటో. చదివేది మహిమ, పెద్దావిడ ఎలీసమ్మ కోడలు. చర్చిలో వాక్యం చదివీ చదివీ గొంతు తేరింది దానికి.

చదవడం ఒక ఎత్తు, ఆ తర్వాతది ఒక ఎత్తు. భాగం అయిపోగానే వరసపెట్టి ప్రతి ఒక్కరూ ఎలా ఉందో అభిప్రాయం చెప్పాలి. నాకు తెలీదంటే కుదరదు. అందరూ చెప్పేదాకా టీ క్యాను మూత తియ్యరు.

లాల్‌బీకి నవలలు పడవు. భయం నవలలైతే అసలే పడవు. విన్న రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే కూతుర్ని లేపాల్సిందే. అందుకని మహిమ పుస్తకం తెరవగానే ఆమె చేలో గిల్లుకొచ్చిన పత్తిని రెండు ఉండలు చేసి చెవుల్లో కుక్కుకునేది. అభిప్రాయాల వేళకి మాత్రం పీకేసేది. కథకన్నా ఆ కొట్లాటంటేనే ఆమెకి ఇష్టం. పుర్రెకో బుద్ధి అన్నట్టు ఎవరి గోల వాళ్ళది. అందరికన్నా తన చిన్నకూతురు నగ్మా గోల ఎక్కువ.

నగ్మాకి డిగ్రీ అయిపోయింది. టీచరు ట్రైనింగులో సీటు వచ్చేలోపు తల్లి పక్కన కూర్చుని నాలుగు కాయలు తుంచుతోంది. ఎవరేమన్నా కాదనడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. అడ్డం మాట్లాడకపోతే తిన్న అన్నం అరగదు. "నీ నోరెవరు మూయిస్తారే తల్లీ!" అని పైకి కసురుకున్నా లాల్‌బీకి అదంటే ప్రాణం. మొగుడు పోయాక, పెద్దకూతురు కౌసర్ కనిగిరి కాపరానికి వెళ్ళాక, ఆ ఇంట్లో వినపడే చప్పుడంతా నగ్మాదే.

ఈసారి నవలని మహిమ గుంటూరు బస్టాండు దగ్గర పాతపుస్తకాల బండి మీద కొనుక్కొచ్చింది. అట్ట లేదు. రాసినవాళ్ళ పేరున్న పేజీ లేదు. లాల్‌బీ కథ వినకపోయినా కొట్లాటల్లో చెవినపడ్డది ఇదీ. మాస్టారని ఒకడు ఒక ఊరికొస్తాడు. ఎవరి దగ్గరో కూర్చుని నెమ్మదిగా ఒక మాట అంటాడు. వాళ్ళు ఆ మాటని తిరిగి అంటారు. అంతే! అప్పట్నుంచి వాళ్ళ మనసు వాళ్ళది కాదు. ఆ మాటేంటో మాత్రం పుస్తకంలో ఎక్కడా రాయలేదట.

"ఆ మాస్టార్ని చెప్పుతో కొట్టేవాళ్ళే లేరా ఆ ఊళ్ళో?" అంది ఎలీసమ్మ మొదటిరోజు.

"ఆ మాటేదో నాకు తెలిస్తే బాగుండు. మా ఆయన చేత మందు మాన్పిద్దును," అంది కోటేశ్వరి.

నగ్మా మూతి తిప్పింది. "ఎవడో ఏదో అంటే మనమెందుకంటాం? నోరు మనది కాదూ? రాసినోడికి బుర్ర లేదు, చదివేవాళ్ళకి పని లేదు."

కల్లమంతా గొల్లుమంది. లాల్‌బీ దగ్గుతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంది.

చివరి భాగం చదివిన రోజు గాలి బిగుసుకుపోయింది. పరదా అంచు కూడా కదల్లేదు. అన్నాలు తిని అందరూ కుప్పల దగ్గర సర్దుకున్నారు. మహిమ పుస్తకం తెరిచింది. లాల్‌బీ దూది కుక్కుకుని తలొంచుకుని కాయలు తుంచుతోంది.

కాసేపటికి ఎందుకో తలెత్తింది. మహిమ పెదాలు కదులుతున్నాయి గాని కళ్ళు పేజీ మీద లేవు. ఎదురుగా, ఎవరూ లేని చోట నిలిచిపోయి ఉన్నాయి. లాల్‌బీ చుట్టూ చూసింది. అందరి పెదాలూ మహిమ పెదాలతో కలిసి కదులుతున్నాయి. అన్ని చేతులూ ఒకేసారి కాయ అందుకుంటున్నాయి. ఒకేసారి ముచ్చిక తుంచుతున్నాయి. ఒకేసారి పక్కన పడేస్తున్నాయి. చురుగ్గా తుంచే కోటేశ్వరీ, కీళ్ళనొప్పులతో నిదానంగా తుంచే ఎలీసమ్మా కూడా...

మహిమ పెదాలు ఆగాయి. పుస్తకం మూసింది. లాల్‌బీ దూది పీకింది.

చెవుల్లో ఇంకా దూది ఉండిపోయిందేమో అనుకుంది ముందు. వేలు పెట్టి చూసుకుంది. లేదు. హైవే మీద లారీ హారన్ వినపడుతోంది. వేపచెట్టు మీద కాకి వినపడుతోంది. కల్లంలోనే ఏమీ వినపడటం లేదు. తుమ్ము లేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు లేదు. దగ్గు లేదు.

లాల్‌బీ ఒక్కతే దగ్గింది. ఆ దగ్గు ఆమెకే పరాయిదానిలా వినిపించింది.

"ఊఁ, కానివ్వు ఎలీసమ్మక్కా," అంది నవ్వడానికి చూస్తూ. "మాస్టార్ని చెప్పుతో కొట్టారా లేదా?"

ఎలీసమ్మ నెమ్మదిగా చెప్పింది. "బాగుంది. మన కథలాగే ఉంది. ఇంకొకరికి చెప్పాలి."

"అబ్బో, ఇంతలోనే నచ్చేసిందా!"

"బాగుంది. మన కథలాగే ఉంది. ఇంకొకరికి చెప్పాలి," అంది కోటేశ్వరి. అదే నిదానం. అదే ఎత్తు, అదే దించడం.

ఆ పక్కావిడ అదే మాట. ఆ పక్కావిడా అదే. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుంది లాల్‌బీ. ఎవరో ఒకరు ఫక్కుమంటారని చూసింది. ఎవరూ అనలేదు. వరస తిరిగి తిరిగి నగ్మా దగ్గరికొచ్చింది. లాల్‌బీ గుండె కుదుటపడింది. ఇంకేం, నా కూతురు ఇప్పుడు ఒక్కొక్కరినీ దులిపేస్తుంది...

నగ్మా తల్లివైపు తిరిగింది.

"బాగుంది. మన కథలాగే ఉంది. ఇంకొకరికి చెప్పాలి."

లాల్‌బీ చేతిలో కాయ జారిపోయింది.

అప్పుడే మేస్త్రి కరుణాకర్ మూతికి తువ్వాలు చుట్టుకుని, తుమ్ముకుంటూ లోపలికొచ్చాడు. "ఏంటమ్మా, పని ఆపి పూజలా? లారీ వచ్చి నిలబడుంది అక్కడ!"

కోటేశ్వరి లేచి వెళ్ళి అతనికి ఆ మాట చెప్పింది. అతను విసుగ్గా నవ్వాడు. "ఓహో! బాగుందా? మన కథలాగే ఉందా?" అని ఆమెని వెక్కిరించాడు. మళ్ళీ తుమ్మబోయాడు. తుమ్ము సగంలో ఆగిపోయింది. తువ్వాలు మూతి మీంచి జారింది. కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఇంకొకరికి చెప్పాలి," అన్నాడు తనలో తాను. వెనక్కి తిరిగి లారీవైపు నడిచాడు.

లాల్‌బీ పరదా సందులోంచి చూసింది. డ్రైవరు క్యాబిన్లోంచి వంగి మేస్త్రి మాట విన్నాడు. నవ్వుతూ ఏదో తిరిగి అన్నాడు. అతని నవ్వూ ఆగిపోయింది. లారీ కదిలింది.

యా అల్లా! విన్నందుకు కాదు... తిరిగి అన్నందుకు!

"లాల్‌బీ," అంది ఎలీసమ్మ. "నీ ఒక్కదానిదే మిగిలింది. చెప్పు."

అందరి చేతులూ ఒళ్ళో ఉన్నాయి. అందరి కళ్ళూ ఆమె మీద ఉన్నాయి. టీ క్యాను మూత తియ్యలేదు.

"నేను వినలేదుగా అక్కా... దూది పెట్టుకున్నాగా..."

"చెప్పు."

లాల్‌బీ నగ్మా రెక్క పుచ్చుకుని లాగింది. "పదవే ఇంటికి!" నగ్మా గుంజుకోలేదు. ఎందుకని అడగలేదు. "సరేనమ్మా," అని లేచింది. ఇన్నేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి సరేనని ఎరగని పిల్ల! లాల్‌బీ దాన్ని లాక్కుంటూ పరదా దాటింది. వెనక కల్లంలో మళ్ళీ ముచ్చికలు తుంచుతున్న చప్పుడు మొదలైంది. అందరిదీ కలిసి ఒకే చప్పుడు...

ఇల్లు చేరేసరికి ఎండ పసుపురంగుకి తిరిగింది. లాల్‌బీ కూతుర్ని నట్టింట్లో కూర్చోబెట్టింది. కూర్చోమంటే కూర్చుంది. నీళ్ళు తాగమంటే తాగింది. "నన్ను తిట్టవే," అంది లాల్‌బీ. "అమ్మా నీకు పిచ్చి అను. ఏదో ఒకటి అనవే నా తల్లీ!"

"సరేనమ్మా," అంది నగ్మా. అని ఊరుకుంది.

ఇది దిష్టే అయ్యుండాలి. దిష్టయితే చాలు దేవుడా, దిష్టికి మందుంది. లాల్‌బీ గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు తీసి పిల్ల చుట్టూ తిప్పి బొగ్గుల పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే కాయ మాడినా ఘాటు రాదంటారు. ఊపిరి బిగబట్టి చూసింది.

ఘాటు వచ్చింది. ఎలా వచ్చిందంటే, ఇల్లంతా పొగ కమ్మేసి, లాల్‌బీ గోడ పట్టుకుని వంగిపోయి దగ్గింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. గోడవతల కరీమున్ కూడా దగ్గుతూ అరిచింది. "ఒసే లాల్‌బీ! ప్రాణాలు తీస్తావా ఏంటే!"

ఆ పొగ మధ్యలో నగ్మా తిన్నగా కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక్క చుక్క నీరు లేదు. ఒక్క దగ్గు లేదు.

అంటే దిష్టి కాదు.

లాల్‌బీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరికి చెప్పుకోవాలి? ఈ ఊళ్ళో ఎవరితో మాట్లాడాలన్నా భయమే, ఎవరెప్పుడు ఆ మాటంటారో. కనిగిరి దూరం. అక్కడికి ఇంకా పాకి ఉండదు. కొంగుతో చేతులు తుడుచుకుని కౌసర్‌కి ఫోను చేసింది. కౌసర్ కుట్టుసెంటర్లో ఉన్నట్టుంది, వెనక మిషన్లు గడగడలాడుతున్నాయి. నాలుగు రోజుల్నించీ జలుబట, అదీ దగ్గుతోంది. ఆ దగ్గు వినగానే లాల్‌బీకి ప్రాణం లేచొచ్చింది.

"ఏంటమ్మా, ఆ గొంతేంటి?"

"నీ చెల్లెలు... కల్లంలో అందరూ... ఆ నవల విని అందరూ ఒకటే మాట అంటున్నారే."

"బాగుంటే బాగుందంటారు. దానికింత ఏడుపెందుకమ్మా?"

"నగ్మా ఎప్పుడైనా, ఎవరైనా అన్నదాన్ని అవునందా?"

కౌసర్ దగ్గింది. "దానికోసారి ఫోనివ్వు."

"ఇవ్వను! దాని నోట ఆ మాట నువ్వు వినొద్దు."

"సరే, మీ అల్లుణ్ణి తీసుకుని ఇప్పుడే బయల్దేరతా. దారిలో డాక్టరుకి ఫోను చేస్తా. ఆయన అడుగుతాడు కదమ్మా, ఏమంటోంది పిల్ల అని. ఏమంటోంది?"

"నా నోటితో చెప్పను."

"చెప్పకపోతే నేనేం చేసేది? అది నీ ఒక్కదానికే కూతురా, నాకు చెల్లెలు కాదూ?" కౌసర్ మళ్ళీ దగ్గింది.

లాల్‌బీ నగ్మావైపు చూసింది. నగ్మా తల్లి పెదాలవైపే చూస్తోంది. పొగ దాని ముఖం మీదుగా పోతోంది. మొత్తం అంటేనే కదా ముప్పు... సగం చెబుతాను. సగంతో ఏమవుతుంది? నా పిల్ల బాగుపడాలంటే ఏదో ఒకటి చెప్పాలిగా...

"బాగుంది... మన కథలాగే ఉంది... అంటోందే," అంది గబగబా. "అంతే. ఇంకేం లేదు."

మూడో ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. లాల్‌బీ పళ్ళు బిగించింది. అయినా తోసుకొస్తోంది. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. ముక్కుతో ఊపిరి పీలుస్తూ, ఫోను చెవికి నొక్కిపట్టుకుంది.

"బాగుంది, మన కథలాగే ఉందా? అంతేనా?" అంటూ అటువైపు కౌసర్ దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

ఆ తర్వాత దగ్గలేదు.

పక్కనెవరితోనో ఏదో అంది. మిషన్ల గడగడలో ఒకటి ఆగింది. దాని పక్కది ఆగింది. ఆ పక్కది...

గోడవతల కరీమున్ ఇంకా దగ్గుతూ తిడుతూనే ఉంది. పొయ్యిలో కాయలు ఇంకా మాడుతూనే ఉన్నాయి. లాల్‌బీ ఆ పొగలో తిన్నగా నిలబడి ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. తన దగ్గు ఎప్పుడు ఆగిందో ఆమెకి తెలియలేదు.

నగ్మా తల్లిని చూసి నవ్వింది.

"అమ్మా," అంది ఫోన్లో కౌసర్, నిమ్మళంగా. "ఇంకొకరికి చెప్పాలి."

ఆ ముక్క లాల్‌బీ చెప్పనే లేదు.