ఐసు ప్లాంటు మేడమీద ఎర్ర బాణం

హార్బర్‌లో మూతపడిపోయిన ఐసు ప్లాంటు ఉందే, తెల్లారకుండా దాని మేడెక్కకూడదనీవోరు. పట్టపగలు కూడా ఆ మెట్లకాడ మా ఆడోళ్ళు గంపలు దించీవోరు కాదు. ఎందుకేటి? నూకాలు.

నూకాలు ఐసు దిమ్మలు మోసీది. ఒకనాడు సీకటితో మంచుగదిలోకెల్లింది. లోపల మనిషుందని సూసుకోకుండా ఎవులో బయట గడియేసీసేరు. తెల్లారి తీసీసరికి... వొద్దులే, సెప్పను. ఆ తరవాత ప్లాంటు మూసీసేరు గానీ, ఆ మనిషి మాత్రం ఎల్లలేదన్నారు. మెట్లమీద ఎప్పుడూ తడి. ఒకటే కంపు. నాను ఎండుసేపలమ్ముకునే పోతమ్మని, కంపుకి ముక్కు మూసుకునీదాన్ని కాను. అక్కడ మాత్రం కొంగు అడ్డమెట్టుకునీదాన్ని.

రెండువేల మూడులో బోట్ల సంఘమోళ్ళు ఆ మేడమీదే, సంఘం ఫోను తీగకే కలిపి, ఒక కంప్యూటరెట్టేరు. అద్దె లేని గది మరి! వలలల్లే సూర్యకళ కూతురు జ్యోతిర్మయి సదూకున్నాది, దాన్ని కూకోబెట్టేరు. మా జోతి మంచి తెలివైన గుంట. ఏ బోటు యేటకెల్లింది, ఏది తిరిగొచ్చింది — అన్నీ ఒక వెబ్ పేజీలో రాసింది. ఆ పేజీ కింద ఒక ఎర్ర బాణం ఎట్టి, పక్కన 'వెనక్కి' అని రాసింది. అది నొక్కితే అంతకుముందు సూసిన పేజీ వొత్తాదంట.

నాకు ఒళ్ళు మండిపోనాది. "ఏటే గుంటా, యేటకెల్లినోడిని ఎనకనుంచి ఎవులైనా పిలుత్తారా? బోట్ల పేర్లకింద ఆ మాట రాత్తావా?" అన్నాను. సముద్రానికెల్లినోడు గడప దాటేక మనం నోరెత్తం. ఏటి మరిసిపోయినా సరే, పిలవం. మాకది ఉంది.

అది నవ్వింది. "పుస్తకంలో కాయితం ఎనక్కి తిప్పినట్టే పిన్నీ. ఏటీ అవదు."

ఎందుకవదు? నెల తిరక్కుండా అయ్యింది.

మా సింహాద్రి బావ బోటు డ్రైవరు. తెల్లారుగట్ల హార్బర్‌కొత్తంటే మేడమీద ఎలుతురు కనపడ్డాదంట. జోతి వొచ్చిందేమో, గాలీ వానా ఎలాగుంటాదో అడుగుదామని ఎక్కేడు. తలుపు తీసుంది. లోపల... ఎవులూ లేరు. తెరమీద బోట్ల పేజీ. సరదాకి ఆ బాణం నొక్కేడు.

మీదనుంచి కిందకి... నెమ్మదిగా... ఒక ఆడదాని మొకం దిగింది. తెల్లగా, పాలిపోయి. తరవాత మెడ. తరవాత... ఒంటిమీద నూలుపోగు లేదు!

బావ మెట్లమీంచి దొర్లుకుంటూ వొచ్చి మా గుమ్మంలో పడ్డాడు. "నూకాలే... నూకాలే..." అని కలవరిత్తన్నాడు. మూడ్రోజులు జ్వరం.

అదయ్యేక ఆ ఏళప్పుడు మేడవైపు సూసినోడు లేడు. సంఘం సెక్రెట్రీ గురునాథరావైతే అందరికీ మరీ మరీ సెప్పీవోడు, "తెల్లారకుండా అటెళ్ళకండి, ప్రాణాలు పోతాయి" అని. ఎంత దయో!

అప్పుడే పైడితల్లి బోటు పోయింది.

గాలివానకి ముందురోజు యేటకెల్లింది. అయిదుగురు మనుషులు. అందులో మా గంగాలమ్మ మొగుడు కోటి ఒకడు. పంతొమ్మిది రోజులు కబురు లేదు. పెద్దలు కూకున్నారు. గురునాథరావు కుర్చీలో కూకుని, "ఎన్నాళ్ళని చూస్తారమ్మా? ఆదివారం తెల్లారగానే ఒడ్డున గాజులు తీయించేద్దాం" అన్నాడు. మిగతా ఆడోళ్ళు ఏడిసేరు. గంగాలమ్మ ఏడవలేదు. రాయిలాగ కూకుంది.

ఎందుకో నాకొక్కదానికే తెలుసు. ఆవేళ కోటి సుట్టల డబ్బా మరిసిపోయి గడప దాటేడు. ఇది ఉండబట్టలేక "ఓయ్!" అని పిలిసీసింది. ఆడు తిరిగొచ్చి, డబ్బా తీసుకుని, నవ్వుకుంటా ఎల్లిపోయేడు. అంతే.

ఆదివారం. ఇంకా ఏగుసుక్క పొడవలేదు. గంగాలమ్మ నా తలుపు కొట్టింది.

"వొదినా... గాజులు తీసీకముందు ఆ కంప్యూటర్లో ఆడి బోటు పేరు ఒక్కపాలి సూత్తాను."

"మతిపోయిందేటే? ఈ ఏళప్పుడా? నూకాలుంటాది."

"ఉండనీ. అదీ నాలాటి ఆడదే గదా."

ఇంకేటనగలను? జోతిని లేపేం. తాళం సెవి పట్టుకుని వొచ్చింది. ముగ్గురం మెట్లెక్కేం. తడి. కంపు. జోతి నా కొంగు పట్టుకుని ఎక్కుతన్నాది...

తలుపుకింద ఎలుతురు.

లోపల 'కిర్రు'మని కుర్చీ కదిలింది. తరవాత — అడుగుల సప్పుడు. తరవాత ఏటీ లేదు.

జోతి నా సెవిలో అన్నాది, "పిన్నీ... రాత్రి నాను తాళమేసే ఎల్లేను."

తాళం లేదు. గంగాలమ్మే తలుపు తోసింది. గది ఖాళీ. కుర్చీ ఇంకా మెల్లగా తిరుగుతన్నాది. తెరమీద బోట్ల పేజీ. 'పైడితల్లి — తిరిగి రాలేదు.' జోతి సదివి సెప్పింది. గంగాలమ్మ ఆ అచ్చరాలమీద ఏలెట్టి తడిమింది. కిందకి సూసింది. ఎర్ర బాణం.

"ఇదేనా ఎనక్కి పిలిసీది?"

"ముట్టుకోకే!" అన్నాను.

"ఒకపాలి పిలిసే సంపుకున్నాను వొదినా. ఇంకేటి పోవాలి నాకు?" అని మౌసు మీద సెయ్యేసి నొక్కీసింది.

నాను కళ్ళు మూసుకున్నాను. సింహాద్రప్పన్నా... కాపాడు నాయనా...

ఎవులూ అరవలేదు. కళ్ళు తెరిత్తే తెరమీద ఆడదీ లేదు, ఏటీ లేదు. ఏవో ఇంగ్లీషు అచ్చరాలు. జోతి సదువుతన్నాది. సదివిందే మళ్ళీ సదివింది.

"పిన్నీ... ఇది ఉత్తరం. ఏదో దూరపు రేవాఫీసోళ్ళు సంఘానికంపిన ఈమెయిలు. 'పైడితల్లి బోటు మనుషులు అయిదుగురినీ సరుకు ఓడవాళ్ళు కాపాడి మా రేవులో దించారు. ఆసుపత్రిలో ఉన్నారు. బాగానే ఉన్నారు. నాలుగు రోజుల కిందట ఒక ఉత్తరం రాశాం, జవాబు లేదు. రాత్రిళ్ళు ఫోన్ చేస్తే మీ లైను ఎప్పుడూ ఎంగేజే. కోటి అనే మనిషి ఇంట్లో చెప్పమని బతిమాలుతున్నాడు'..."

గంగాలమ్మ నేలమీద కూలబడిపోయింది. అప్పుడేడిసింది సూడు — ఆ ఏడుపు నాకింకా సెవుల్లో ఉంది.

"మరి ఇదెవులు తెరిసేరే?" అన్నాను.

జోతి మొకం మాడిపోయింది. "బాణానికి నాను ఫలానా పేజీకెల్లమని రాయలేదు పిన్నీ. ఈ తెరమీద ఇంతకుముందు ఏది సూసుంటే దానికే ఎల్లమని రాసేను, ఎవులు సూసిందైనా సరే. మన అడుగుల సప్పుడికి బోట్ల పేజీ పైకి తెచ్చి పారిపోయేరు. ఈ మెయిలు పాస్‌వర్డు సెక్రెట్రీ ఒక్కడికే తెలుసు."

ఆ మెయిలుకి ముందరేటి సూసేడో అని ఇంకో రెండుపాలు ఎనక్కి నొక్కింది. థూ! సింహాద్రి బావ నూకాలు అక్కడుంది. ఒకర్తి కాదు, వరసగా పదిమంది. ఎవులో బట్టల్లేని దొరసాన్ల బొమ్మలు. జోతి గబుక్కున తెర ఆర్పీసింది. బల్లమీద సూత్తే సగం తాగిన టీ గలాసు, అందులో ఉమ్మిన కిళ్ళీ. 

దొంగమెట్లు ఎనకవైపుంటాయి. ఆడు అటునుంచి దిగిపోయేడు గానీ, ముందు గుమ్మంకాడ జోళ్ళొదిలీసేడు. తోలు జోళ్ళు. తడికి హార్బర్‌లో అందరం రబ్బరువే ఏసుకుంటాం, తోలువి ఏసీవోడు ఒక్కడే.

తెల్లారింది. ఒడ్డున గాజులు తియ్యడానికి పసుపూ నీళ్ళూ అన్నీ ఎట్టేరు. గురునాథరావు తెల్ల పంచె కట్టుకుని, పెద్దమనిషిలాగ, ఇసకలో ఉట్టికాళ్ళతో నిలబడ్డాడు. నాను గంపలోంచి జోళ్ళు తీసి ఆడి ముందు పడీసేను.

"తొడుక్కో బాబూ, ఎండెక్కితే కాళ్ళు కాల్తాయి."

ఆడి మొకంలో రగతం లేదు. జోతి అందరికీ ఉత్తరం సదివి సెప్పింది. గంగాలమ్మ ఆడి ఎదరకెల్లి నెమ్మదిగా అడిగింది, "నాలుగు రోజులు. బతికున్నారని తెలిసీ మా సేతుల గాజులు ఎలా తీయించాలనుకున్నావు బాబూ?"

సచ్చినోడు ఏటన్నాడో తెలుసా? తలొంచుకుని గొణిగేడు, "పగలంతా కంప్యూటర్ దగ్గర జ్యోతే ఉంటుంది. మెయిలు వచ్చిందని నేను చెప్తే... ఆ వేళప్పుడు అక్కడేం చేస్తున్నావని అడుగుతారు కదా."

అందుకు! ఉట్టి అందుకు! ఆడి సిగ్గు దాయడానికి అయిదు కాపరాలు సముద్రంలో కలిపీడానికి సిద్ధపడ్డాడు. సచ్చిపోయిన ఆడదానిమీద కూడా నింద తోసీసేడు. ఈగలు ముసిరిన సేపలగంపలో సెయ్యెట్టగలను గానీ, ఆడి నీడ నామీద పడితే ఇప్పటికీ తానం సేత్తాను.

కోటి రైలు దిగిన సాయంత్రం గంగాలమ్మ కొత్త ఎర్రగాజులు డజను కొన్నాది. తనకి కాదు. మంచుగది గుమ్మంలో ఎట్టి, "నూకాలప్పా, నిన్ను అన్నన్ని మాటలన్నాం, తప్పయిపోయింది" అని దండమెట్టింది. జోతి తలుపు మూసి తాళమేసింది, నా కళ్ళముందే.

పొద్దున్న తీసి సూత్తే గాజులు లేవు. ఎలకలెత్తుకుపోయుంటాయంటాది జోతి. ఏమో. మెట్లమీద మాత్రం ఆవేళే మొదటిసారి, తడి ఆరిపోయుంది.