ముందు రాయి, తర్వాత సంతకం

గుండ్లవాగు మున్సిపాలిటీలో కౌన్సిల్ మీటింగ్ అంటే ముందు సంతకాలు, ఆ తర్వాత మిర్చి బజ్జీలు, ఆఖరికి ఓపిక మిగిలితే నిర్ణయాలు. మెంబర్లు వచ్చీ రాగానే తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీల కింద సంతకాలు గీకి పడేస్తారు. పైన ఏం రాయాలో తర్వాత క్లర్కు అండాలు చూసుకుంటుంది. మున్సిపాలిటీ పుట్టిన నాటి నుంచి ఇదే పద్ధతి. దీన్ని వాళ్లు పరిపాలన అంటారు.

ఇదంతా తెలిసి కూడా ప్రవళిక ఆ రోజు అవ్వ నేసిన నారాయణపేట చీర కట్టుకుని వచ్చి, హాలు బయట బెంచీ మీద కూర్చుంది. ఆశ అంత చెడ్డది మరి.

ఆమెకు కావలసింది బస్టాండు వెనక బూజు పట్టి పడున్న మున్సిపాలిటీ గోదాము. మోకాళ్లు పోయి, చూపు మందగించి మగ్గం దిగిన ఇరవై ఆరు మంది ముసలివాళ్లకు ఆమె రోజూ మధ్యాహ్నం అన్నం వండి పెడుతుంది. ఇన్నాళ్లూ ఎవరిదో ఖాళీ జాగాలో టార్పాలిన్ కింద వండింది. ఆ జాగా ఆసామి ఇల్లు కడతానన్నాడు. వచ్చే నెలాఖరుకల్లా పొయ్యి ఎత్తేయాలి. గోదాము దొరక్కపోతే ఆ ఇరవై ఆరు మంది గతేమిటో ఆమెకు తోచడం లేదు.

పక్కన ఒక యువకుడు ఒళ్లో ఇనుమూ కర్రా కలిసిన ఏదో ఆకారాన్ని పెట్టుకుని కూర్చున్నాడు.

"జర జరుగుతరా? మీ సామాన్ నా కాలుకు గుచ్చుకుంటాంది."

"గిది సామాన్ గాదు మేడం. మగ్గం పెడల్. మోటార్‌తోని నడుస్తది."

"మోటార్ ఉండంగ ఇంక కాలెందుకు?"

"కాలు ఊరికె ఆనిస్తే చాలు, బరువంత మోటార్ లాగుతది. గదే నా రీసెర్చ్."

అతని పేరు కృష్ణకాంత్. మహబూబ్‌నగర్‌లో డిప్లొమా చదివి, పట్నం ఉద్యోగం వద్దని ఈ పెడల్ పట్టుకుని తిరుగుతున్నాడు. నాలుగు మగ్గాలు పెట్టి పరీక్షించడానికి కరెంటున్న జాగా కావాలట. ఏ జాగా అని అడిగింది ప్రవళిక. బస్టాండు వెనక గోదాము అన్నాడు. ఆమె ముఖం మాడిపోయింది.

లోపల చైర్మన్ గాలయ్య బజ్జీ నములుతూ విచారణ మొదలుపెట్టాడు.

"రీసెర్చ్ ఎన్ని రోజుల్ల అయిపోతది? రిబ్బన్ ఎప్పుడు కత్తిరియ్యాలె?"

"ఇప్పుడే చెప్పలేం సార్. నేసేటోల్లు వాడి చూడాలె."

"చెప్పరాని దానికి జాగా ఎట్లిస్తమయ్యా?" అని ప్రవళిక వైపు తిరిగాడు. "అన్నం పెట్టుడు మంచిదేనమ్మా. గని ఫ్లెక్సీల నా ఫొటో ఎంత ఉంటది?"

"గోడ ఎంతుంటే గంత సార్."

"గట్ల చెప్పు!" ఆయన సంతోషపడ్డాడు. సంతోషపడి వచ్చే నెలకు వాయిదా వేశాడు. అసలు సంగతి ఊరందరికీ తెలుసు. ఆ గోదాములో ఆయన బామ్మర్ది ఫ్లెక్సీ షాపు పెట్టాలని చూస్తున్నాడు. ఇన్ని ఫొటోలు అచ్చువేయాలంటే సొంత షాపు ఉండాలి కదా!

బయటికి రాగానే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"అన్నం ఏడనైన వండొచ్చు మేడం. మగ్గాలు ఏడనంటే ఆడ పెట్టరాదు."

"ఓహో! ఆకలితోని పోయినంక నీ పెడల్ మీద కాలు ఎవరు పెడ్తరు సారూ? నీ రీసెర్చా?"

"మోకాళ్లు పోకుంట చూస్తే నీ దగ్గరికి అన్నానికే రారు గద!"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. తగిలినందుకు ఇంకా మండిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. ప్రవళిక పప్పు కలుపుతుండగా టార్పాలిన్ గుంజ పక్కకు ఒరిగింది. ఎవరో పరుగెత్తుకొచ్చి దాన్ని పట్టుకున్నారు. చూస్తే కృష్ణకాంత్! నెత్తి మీద నీళ్లు కారుతున్నా పంక్తి లేచేదాకా గుంజ వదల్లేదు.

"ఎందుకొచ్చినవ్?" అని అతని మీదికి తువ్వాల విసిరింది.

"అవ్వల కాళ్లు కొలుద్దామని."

పంక్తిలో ఉన్న ఆమె అవ్వ నాగులమ్మ పకపకా నవ్వింది. నలభై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లు దింపి నేసిన మనిషి. అతను తెచ్చిన పెడల్ మీద కాలు పెట్టి చూసి, అందక, అటు తోసేసింది.

"నీ కాళ్లకు చేసుకున్నవ్ బిడ్డా. నా కాళ్లకు గాదు."

పాపం, అతను నిజంగానే తన కాలే కొలుచుకుని చేశాడు. ప్రవళిక ఈ అవకాశం వదులుతుందా?

"మస్తు రీసెర్చ్! నేసేటోల్లను అడగకుంటనే అయిపోయింది. నీకు మా కౌన్సిల్ల మెంబర్ సీటు ఇయ్యాలె."

అతను కోపగించుకోలేదు. తడి నేల మీద కూర్చుని, నాగులమ్మ అరికాలి నుంచి మోకాలి దాకా నూలుపోగుతో కొలిచాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. ఒక చేత్తో కొలతలు, ఇంకో చేత్తో వడ్డన.

"కాళ్లు పట్టుకుంటే జాగా వస్తదనుకుంటున్నవా?"

"జాగా రాదు. కొలత వస్తది," అని ఆమె కళ్లలోకి చూసి, చారు గరిటె ఆకు మీద కాకుండా నేల మీద వంచాడు. ప్రవళిక తిట్టింది. తిడుతూనే నవ్వు దాచుకోలేకపోయింది.

నెల తిరగకముందే నాగులమ్మ తన ఇంటి మగ్గం మీద కొత్త పెడల్‌తో జానెడు బట్ట నేసింది. ఒక్కసారి కూడా "అమ్మా" అనలేదు. అది చూసి ప్రవళిక వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది. అతనన్నది నిజమే. ఈ మిషన్ నిలబడితే రేపు ఇంకో ఇరవై ఆరు మంది తన పంక్తికి రానక్కర్లేదు.

మీటింగ్ రోజు పొద్దున్నే వెళ్లి అండాలు బల్ల మీద కాగితం పెట్టింది.

"నా దరఖాస్తు వాపస్ తీస్కుంటున్న అక్కా. గోదాము కృష్ణకాంత్‌కు ఇయ్యుండ్రి."

అండాలు సొరుగు లాగి ఇంకో కాగితం తీసింది. నిన్నటి తేదీతో కృష్ణకాంత్ రాసింది. ముసలివాళ్ల ఆకలి ఈ రోజుది, నా మిషన్ ఆగగలదు, జాగా ప్రవళిక గారికి ఇవ్వండి అని.

ప్రవళిక ఆ కాగితాన్ని తన కాగితం పక్కన పెట్టి రెండూ చూసింది.

"మీరిద్దరు గిట్ల త్యాగాలు చేస్కుంట కూసుంటే నడుమల బామ్మర్ది కొట్టుకపోతడు," అని అండాలు కసిరింది. "ఆయన ఇంకా దరఖాస్తు ఇయ్యలే. చైర్మన్ బామ్మర్ది అప్లికేషన్ పెట్టుకునుడు ఇజ్జత్ తక్కువనట! మీటింగ్ షురూ గాకముందే ఇద్దరు కలిసి ఒక్కటి ఇయ్యుండ్రి. పిల్వు గా పిలగాన్ని."

కృష్ణకాంత్ చెమటలు కక్కుతూ వచ్చాడు. ఉమ్మడి దరఖాస్తు ఫారం గబగబా నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయాడు. 'దరఖాస్తుదారుల మధ్య సంబంధం' అని ఉంది.

"గిది ఖాళీ ఇడుస్త. నువ్వు సంతకం పెట్టు, తర్వాత రాస్త."

తలుపు సందులోంచి ప్రవళికకు లోపలి హాలు కనిపిస్తోంది. ఖాళీ పేజీల కింద మెంబర్లు వరుసగా సంతకాలు గీకుతున్నారు. ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఖాళీ కాయితం మీద సంతకం పెట్టుడు గాల్ల అలవాటు. నాది గాదు. ముందు రాయి. చదివినంక పెడ్త."

అతని చెవులు ఎర్రబడ్డాయి. రాసి కాగితం ముందుకు జరిపాడు. 'కాబోయే భార్యాభర్తలు.'

"ఎవరిని అడిగి రాసినవ్?"

"నిన్నే అడుగుతున్న. నోటితోని అడగ చాతగాలే. నువ్వంటే నాకు పాణం ప్రవళికా."

ఆమె కాగితం మళ్లీ మొదటి నుంచి చదివింది. కళ్లు మసకబారి అక్షరాలు అలికినట్టయ్యాయి. తుడుచుకుని ఇంకోసారి చదివి, పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. అండాలు ఠపీమని ముద్ర కొట్టి ఫైల్లో పెట్టింది.

అంతలో హాలు తలుపు తెరుచుకుంది. ఏదో దావత్‌కు ఆలస్యమవుతోందని మెంబర్లంతా బజ్జీలు కూడా వదిలేసి బయల్దేరారు. గాలయ్య చెప్పులు వేసుకుంటూ, "అండాలూ, ఫైల్ల ఏమున్నదో గదే ఆమోదించినట్టు రాయి," అన్నాడు.

"మీరు చెప్పినట్టే సార్," అంది అండాలు. అక్షరం తప్పకుండా అలాగే రాసింది.

వారం తర్వాత బామ్మర్ది తాళం చెవి కోసం వచ్చి గొడవ చేశాడు. గాలయ్య తన పదవీకాలంలో మొదటిసారి తీర్మానం చదివాడు. కింద తన సంతకమే! చదవకుండా పెట్టానని చైర్మన్ నోటితో ఎలా చెప్తాడు? గోదాము ప్రారంభానికి తానే వచ్చి రిబ్బన్ కత్తిరించాడు. ఫ్లెక్సీలో మాత్రం బొటనవేలంత ఫొటోలో చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

లోపల ఒక పక్క అన్నం ఉడుకుతోంది, ఇంకో పక్క మగ్గం ఆడుతోంది. ప్రవళిక అవ్వ పక్కన కూర్చుని ఫారం సంగతంతా చెప్పింది. నాగులమ్మ పెడల్ మీద కాలు ఆపి, వడ్డిస్తున్న కృష్ణకాంత్‌ను ఎగాదిగా చూసింది.

"పిలగాడు మంచోడే. గని గా ఆఫీసుల అందరు సదవకుంటనే సంతకాలు పెడ్తరంట గద. నువ్వు గూడ గట్లనే పెట్టినవా, పోరీ?"

"లేదవ్వా. నేను మూడుసార్లు సదివిన."

"అయితే మంచిది," అని నాగులమ్మ మళ్లీ కాలు ఆనించింది.