మీటరు నడుస్తున్నంత సేపు

"ఆ రిగ్గు ఆపండి!"

షానవాజ్‌కు వినపడలేదు. బోరు రిగ్గు నడిచేటప్పుడు పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఆత్మకూరులో శీనయ్య ఇంటి ముందు పొద్దుటినుంచీ బోరు వేస్తున్నాడతను. నెత్తినుంచి కాళ్లదాకా తెల్లటి రాతిపొడి. కళ్లు మాత్రమే మనిషివి.

ఆ అమ్మాయి ఊరుకునే రకం కాదు. చున్నీతో ముక్కు మూసుకుని దుమ్ములోకి నడిచొచ్చి, అతని ముఖం ముందు రెండు చేతులూ ఊపింది.

"ఏంది?" అని అరిచాడు.

"ఆపమంటా ఉండా!"

"ఆపమనేదానికి మీరెవరు? కలెక్టరా?"

"సర్కారు సర్వేకి వచ్చినాను. ముందు ఆపండి, తర్వాత చెప్తా."

"మధ్యలో ఆపితే లోపలుండే హ్యామర్ ఇరుక్కుంటాది. మీరు దిగి తీసిస్తారా?"

ఆమె ఒకసారి బోరు గుంతలోకి చూసింది. "సరే. పని ఒక కొలిక్కి వచ్చిందాకా కూర్చుంటా," అని శీనయ్య అరుగు మీద కూర్చుంది. భుజానున్న సంచీలోంచి మూడుకాళ్ల స్టాండు, దాని మీద పెట్టే చిన్న మీటరు బయటికి తీసింది. చూస్తే ఫోటోలు తీసే సామాను మాదిరి ఉంది.

షానవాజ్ మామూలుకంటే తొందరగానే పని ఒక కొలిక్కి తెచ్చాడు. ఎందుకు తొందరపడ్డాడో అతన్ని అడిగి లాభం లేదు.

"ఊరి చివర ఆయిలు కోసం డ్రిల్లింగ్ చేస్తామని ఒక కంపెనీ అడుగుతా ఉండాది, విన్నారా?" అంది ఆమె. పేరు సుమయా.

"వినకేం! నాకూ డ్రిల్లింగే గదా పని. నీళ్ల బోర్లకి పిలుస్తారేమోనని చూస్తా ఉండా."

"అది మీ రిగ్గు మాదిరి సాయంత్రానికి ఆగేది కాదు. రాత్రీ పగలూ నడుస్తాది. దాని పక్కన బతికే జనం ఆరోగ్యం ఏమవుతాదో ముందే తేల్చాల. గాలి చూస్తాం, నీళ్లు చూస్తాం, ఊళ్లో మోత ఎంత ఉండాదో కొలుస్తాం. మీ రిగ్గు నడిచేటప్పుడు కొలిచినాననుకోండి, 'ఈ ఊరు ముందే గోల, ఇంకొంచెం పెరిగితే ఏమైతాదిలే' అంటారు."

షానవాజ్ పోయి ఇంజను కూడా ఆపేసి వచ్చాడు.

"మీటరు నడుస్తున్నంత సేపు ఎవరూ మాట్లాడకూడదు," అని ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుంది.

తమ ఊళ్లో ఇన్ని చిన్న చిన్న చప్పుళ్లున్నాయని షానవాజ్‌కు ఆరోజే తెలిసింది. ఎవరింట్లోనో కుక్కరు కూసింది. సన్‌షేడ్ మీద పావురాలు గొణుక్కున్నాయి. వెనక సందులో కుట్టుమిషను ఆగి ఆగి నడిచింది. సుమయా చేతి గాజు స్టాండుకు తగిలి టంగుమంది. తన చేతినే తను కోపంగా చూసుకుంది. అతనికి నవ్వొచ్చింది. నవ్వితే మీటరుకు వినపడుతుంది. పళ్లు బిగబట్టి ఆమెను చూశాడు. ఆమె కూడా నవ్వు బిగబట్టుకునే ఉంది. ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు. మళ్లీ చూసుకున్నారు.

అప్పుడే అతని జేబులో ఫోను మోగింది.

"అయ్యో, మళ్లీ మొదటినుంచీ!" అంది సుమయా నుదురు కొట్టుకుంటూ.

ఫోను చేసిందెవరో గాని, షానవాజ్ మనసులోనే ఆ మనిషికి సలాం చెప్పుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ఇల్లిల్లూ తిరుగుతూ సర్వే షానవాజ్ ఇంటిదాకా వచ్చింది. ఇంట్లో ఉండేది అతనూ, ఆయాసంతో కుక్కి మంచానికి అతుక్కుపోయిన నాయనమ్మ సుగ్రాబీ.

"ఇంట్లో ఎంతమంది, దాదీ?" అని అడిగింది సుమయా.

"నేనూ, వీడూ. మీ ఇంట్లో?"

"అమ్మీ, అబ్బా, నేను. మీకీ ఆయాసం ఎప్పటినుంచి?"

"శానా కాలమైంది. మీ అబ్బా ఏం చేస్తాడు?"

"ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసి అమ్ముతాడు. రాత్రిళ్లు నిద్ర పడతా ఉండాదా?"

"చల్లగా, సద్దు లేకుండా ఉంటే పడతాది. నీకు పెళ్లి కుదిరిందా?"

వంటింట్లో గిన్నె కింద పడింది. టీ పెడుతున్నది షానవాజ్.

"ఆ ప్రశ్న నా సర్వేలో లేదు, దాదీ," అంది సుమయా తల వంచుకుని.

"నా సర్వేలో ఉండాది," అంది ముసలామె తాపీగా. "ఇంకో సంగతి కూడా రాసుకో. నువ్వు కొలిచినన్నాళ్లూ ఊళ్లో మోత ఉండకూడదని, వీడు రిగ్గెత్తుకుపోయి చేజర్లలో పెట్టినాడు. ఇక్కడుండే గిరాకీ అంతా వేరేవాళ్లకు పోయె."

టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ షానవాజ్‌ను సుమయా చూసింది. మీటరు నడిచినప్పుడు చూసినట్టే చూసింది.

"మళ్లీ వానాకాలం వస్తా," అంది వెళ్లేముందు. "రెండు కాలాలూ చూడాల, సర్వేకి."

ఆ రోజునుంచి షానవాజ్ వానకోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు. వాన పడితే బోర్లకు గిరాకీ ఉండదు. తన కడుపు తనే కొట్టుకునే కోరిక అది. అయినా ఆకాశంలో మబ్బుతునక కనబడితే చాలు, ముఖం వెలిగిపోయేది.

వానలకంటే ముందు మీటింగు వచ్చింది.

మున్సిపాలిటీ హాలు కిక్కిరిసింది. సుమయా లేచి, ఎండాకాలం సర్వేలో తేలింది చదివింది. డ్రిల్లింగ్ అడిగే స్థలం చుట్టుపక్కల వీధుల్లో ఉబ్బసం ఉన్న ముసలివాళ్లూ, పిల్లలూ ఎక్కువ. రాత్రిపూట ఊరు ఇప్పటికైతే ప్రశాంతంగా ఉంది. అంతే చదివింది, తన మాట ఒక్కటి కూడా కలపలేదు. తర్వాత ఆఫీసరు జనాన్ని అడిగాడు. ఊరు వద్దంటే ఇక్కడితో ఆపి పైకి రాస్తామనీ, సరేనంటే వానాకాలం సర్వే కూడా జరుగుతుందనీ చెప్పాడు.

షానవాజ్ లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. వానలొస్తాయి, ఆమె వస్తుంది. అరుగు మీద కూర్చుంటుంది. ఎంత చిన్న కోరిక!

మీటింగుకని ఆటోలో తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్న సుగ్రాబీ దగ్గింది. దగ్గు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

అతను లేచాడు. రిగ్గు మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతు, హాలంతా ఖంగుమంది.

"వద్దు సార్! నేను మోతలోనే బతికేవాణ్ణి. పొద్దుగూకితే ఆపేస్తా గాబట్టి ఊరోళ్లు ఓర్చుకుంటా ఉండారు. ఆపేదే లేని మోత పక్కన మా దాదీ ఎట్ట నిద్రపోవాల? ఆ పొగలో ఎట్ట గాలి పీల్చుకోవాల? కావాలంటే మనుషులు లేని చోట చూసుకోమనండి."

చప్పట్లు మోగాయి. ఒక్కరొక్కరే లేచి వద్దన్నారు. షానవాజ్ మాత్రం సుమయానే చూశాడు. ఆమె తలెత్తలేదు.

బయట జీపు ఎక్కబోతుంటే పరుగెత్తి అందుకున్నాడు. "సుమయా గారూ, ఒక్క మాట..."

ఆమె అటూ ఇటూ చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. జీపు వెళ్లిపోయింది.

కోపమొచ్చింది ఆమెకు, అనుకున్నాడు. ఆమె పనిని సగంలో నరికేసింది తనే కదా. సర్వే అప్పుడు ఇచ్చిన ఆమె నంబరు ఫోనులో ఉంది. మెసేజి రాసేవాడు, తుడిపేసేవాడు. సాయంత్రం రిగ్గు ఆపాక ఇంటికి పోకుండా అక్కడే కూర్చునేవాడు. ఎక్కడో కుక్కరు కూసేది, పావురాలు గొణిగేవి. గాజు చప్పుడొక్కటే ఉండేది కాదు. అది లేని నిశ్శబ్దాన్ని అతను భరించలేకపోయాడు.

కొండాపురంలో బోరు వేసొస్తూ, దారి కాకపోయినా ఉదయగిరి మీదుగా లారీ తిప్పాడు. గరిటెల అంగడిలో సుమయా వాళ్ల అబ్బా వలీ దగ్గర ఒక గరిటె కొన్నాడు. ఏమీ అడగలేదు. మళ్లీ పోయాడు, మళ్లీ కొన్నాడు.

"ఇంట్లో ఇద్దరం ఉండాం. ఇన్ని గరిటెలేందిరా?" అంది సుగ్రాబీ.

"మంచి చెక్క, దాదీ."

"మంచి చెక్కే. చేసినాయన బిడ్డ ఇంకా మంచిది," అని ముసలామె గోడవైపు తిరిగింది.

చివరికి వానాకాలం వచ్చింది. ఆ స్థలంలో డ్రిల్లింగ్‌కు అనుమతి లేదని పై నుంచి ఉత్తర్వు కూడా వచ్చింది. ఊరంతా సంతోషించింది. షానవాజ్ కూడా సంతోషించాడు, రేకుల పంచ కింద కూర్చుని, ఎవరూ రాని వాననే చూస్తూ.

మర్నాడు మధ్యాహ్నం ఆ వానలోనే గొడుగుతో ఒక మనిషి వచ్చి పంచలో నిలబడింది. చున్నీ సగం తడిసింది.

"సర్వే రద్దయింది గదా?" అన్నాడు షానవాజ్ బిత్తరపోయి.

"రద్దయింది."

"మరి మీటరు?"

"తేలేదు." సుమయా గొడుగు మూసింది. "నీకింకా అర్థం కాలేదా? ఆ రోజు నీతో ఒక్క మాట మాట్లాడినా, రేపు కంపెనీవాళ్లు ఏమంటారు? 'ఆ పిల్ల రిగ్గాయన కోసం రిపోర్టు రాసింది' అంటారు. మీ దాదీ ఆయాసం కూడా అబద్ధమంటారు. ఉత్తర్వు వచ్చిందాకా మీటరు నడుస్తున్నట్టే. నాకు మాత్రం మాట్లాడాలని ఉండదా?"

అతను ఆమె చేతిలోంచి గొడుగు అందుకుని గోడకు ఆనించాడు.

"అబ్బా చెప్పినాడు," అంది ఆమె. "ఆత్మకూరు నుంచి ఒకాయన లారీ వేసుకొచ్చి ఒక్కో గరిటె కొనుక్కుని పోతా ఉండాడంట. అరిచినట్టు మాట్లాడతాడంట. మనిషి మాత్రం మంచోడంట." తడిసిన చున్నీ కొస పిండుకుంది. "నువ్వా రోజు నోరు మూసుకుని ఉంటే, నేను సర్వేకి వచ్చి, కొలుచుకుని, పోయుండేదాన్ని. వద్దన్నావు గాబట్టే, సర్వే లేకపోయినా వచ్చినాను. ఇప్పుడు మాట్లాడొచ్చు. చెప్పు."

బతుకంతా అరిచిన మనిషి, రేకుల మీద వాన దంచుతుంటే, ఆమెకు మాత్రమే వినపడేటట్టు మెల్లగా చెప్పాడు.

సుమయా విన్నది. విని, చేతి గాజును వేళ్లతో తిప్పుకుంటూ నవ్వింది.

"ఒరేయ్!" లోపలినుంచి కేకేసింది సుగ్రాబీ. "నాకు వినపడలా! గట్టిగా చెప్పరా! రేపు నేను పోయి వలీతో ఏం మాట్లాడాల?"