తిరుగు క్యారేజీ బరువు

ఆ ఉదయం కూడా క్యారేజీ సన్నగా రొద చేసుకుంటూ వచ్చి కిటికీ గూట్లో వాలింది. మాణిక్యాంబ మూత తీసి వాసన చూసి, "గోంగూర పప్పు," అని వంటింట్లో ఉన్న అమ్మ లాస్యకి వినపడేలా అంది. ఆ కాలానికి ముత్తవ్వల పేర్లు మళ్ళీ ఫ్యాషనయ్యాయి. లాస్య, హాసిని లాంటి పాతకాలపు పేర్లు అమ్మలకే మిగిలిపోయాయి.

చట్టం చేసినవాళ్ళు దానికి 'ఆహారవాహిని' అని గంభీరంగా పేరు పెట్టారు గాని కాకినాడలో అందరూ ఎగిరే క్యారేజీ అనే అంటారు. దంపతులు విడిపోతే, బిడ్డను దగ్గర ఉంచుకోనివారు డబ్బు పడేసి చేతులు దులుపుకుంటే కుదరదు. రోజూ ఒక పూట భోజనం తమ చేత్తో వండి పంపాలి. వండింది ఎవరి చెయ్యో గరిటె పసిగడుతుంది. ఎంత వెళ్ళిందో, ఎంత తిరిగి వచ్చిందో క్యారేజీ తూస్తుంది. ఆ వ్యవహారమంతా 'భరణదర్శి' అనే యంత్రం చూసుకుంటుంది. ఆ విధంగా, అన్నం వార్చడం కూడా రాని నిహాల్ తునిలో ఒంటరిగా ఉంటూ, కూతురు మాణిక్యం కోసం మాడ్చి మాడ్చి చివరికి మంచి వంటవాడయ్యాడు. అతనికీ లాస్యకీ మాత్రం మాటల్లేవు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

క్యారేజీ ఆ రోజు ఎప్పటిలా ఊరుకోలేదు. "బిడ్డకు రేపటితో పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. ఎల్లుండి నుంచి భోజనం రాదు," అని మర్యాదగా చెప్పింది.

టైఫాయిడ్‌తో ఒక ఏడాది చదువు పోవడం వల్ల మాణిక్యం ఇంకా పన్నెండో తరగతిలోనే ఉంది. వయసు నిండింది గాని బడి పూర్తి కాలేదు. అయినా ఆమె దిగులు తిండి గురించి కాదు. నాన్న సెలవుల్లో బీచి దగ్గర కలిసేవాడే తప్ప ఇంటికి వచ్చేవాడు కాదు. రోజూ వచ్చేది ఆ వంటే. ఉప్పు మరిచిపోతే ఒంట్లో బాగాలేదని, కారం ఎక్కువైతే ఎవరి మీదో కోపంగా ఉన్నాడని ఆమె పోల్చుకునేది. అదీ ఆగిపోతే నాన్న ఎలా ఉన్నాడో ఎవరు చెబుతారు? బడి అయ్యేదాకా గడువు పొడిగించమని అక్కడికక్కడే భరణదర్శికి విన్నపం పెట్టింది.

పుట్టినరోజు సాయంత్రమే విచారణ. గోడతెర వెలిగింది. ఇటు తల్లీకూతుళ్ళు, అటు తునిలో నిహాల్.

"విన్నపం చెల్లదు," అంది భరణదర్శి. "పంపిన బరువులో మూడో వంతు రోజూ తిరిగి వెళ్తోంది. బిడ్డ తినడం లేదు. తినని భోజనానికి పొడిగింపు ఉండదు."

మాణిక్యం తెల్లబోయింది. "అబద్ధమండీ. నేను మెతుకు మిగల్చను. నాన్నా, నువ్వు నమ్మకు," అంటూనే ఏడ్చేసింది. పొడిగింపు సంగతి అటుంచి, ఇన్నేళ్ళూ తన వంట పారేసిందని నాన్న అనుకుంటాడేమోనన్న భయం పట్టుకుంది.

నిహాల్ కల్పించుకున్నాడు. "తిరిగొచ్చేది మిగులు కాదండి. ఓ రోజు కందిపొడి, ఓ రోజు మాగాయ, ఓ రోజు పూతరేకులు. రోజూ ఏదో ఒకటుంటుందండి, ఆయ్."

మాణిక్యం అమ్మ వైపు తిరిగింది. అన్నం డబ్బాలోకి సర్దుకుని బడికి పరుగెత్తడమే తన పని. క్యారేజీ కడిగి పంపేది అమ్మ.

లాస్య మొహం ఎర్రబడింది. "నాకేం ప్రేమ పొంగిపోయి కాదు. తిండి వచ్చిన గిన్నె ఖాళీగా పంపుతారా ఎక్కడైనా? అయినా ఇన్నేళ్ళలో బాగుందని ఒక్క ముక్క అన్నారా మీరు?"

"అలా అంటే నువ్వు ఆపేస్తావేమోనని భయపడ్డాను," అన్నాడు నిహాల్.

మాణిక్యానికి ఏడుపులోనే నవ్వొచ్చింది. భరణదర్శి మాత్రం బరువుల పద్దంతా మళ్ళీ లెక్కేసింది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎగవేతలన్నీ ఊహించారు గాని ఎదురు పెట్టేవాళ్ళుంటారని ఊహించలేదు. చివరికి, "మీలో మీరే ఒకరికొకరు పెట్టుకుంటున్నారు కనుక ఇది భరణం కిందికి రాదు, ఇంటి విషయం. నా పరిధిలో లేదు. రేపటి నుంచి క్యారేజీ ఎగరదు," అని తెర ఆర్పేసుకుంది.

మర్నాడు గూడు ఖాళీగా ఉంది. తాను గెలిచిందో ఓడిందో తెలియక మాణిక్యం పెరుగన్నం కలుపుకుంటూ ఉంటే బెల్లు మోగింది.

గుమ్మంలో నిహాల్ నిలబడి ఉన్నాడు. చేతిలో స్టీలు క్యారేజీ, చొక్కా మీద బస్సు కుదుపుకి ఒలికిన పులుసు.

"క్యారేజీ ఎగరదన్నారు గాని నన్ను బస్సెక్కొద్దని ఎవరూ అన్లేదు కదమ్మా. నీ బడి అయ్యేదాకా నేనే తెస్తాను," అన్నాడు కూతురితో.

మాణిక్యం అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒళ్ళంతా సంతోషమే. లాస్య కాసేపు అతన్నీ ఆ చొక్కానీ చూసింది.

"రేపు ఇంకాస్త ముందు బస్సెక్కండి. పిల్లకి టైమైపోతోంది," అని లోపలికి వెళ్ళి మూడు కంచాలు పెట్టింది.

ఆ రోజు మాణిక్యం మొదటి పీరియడు ఎగ్గొట్టింది.